చిన్న ట్యాంకు, ఉప్పునీళ్ళు, రెండే రెండు చేపలు

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుందని ఈ సరదా ఉన్నవాళ్ళెవరితోనైనా అని చూడండి, మొట్టమొదట వచ్చే సలహా ఒకటే: "చిన్నది మాత్రం వద్దు. కొత్తవాళ్ళకి పెద్ద ట్యాంకే తేలిక." ఈ మాట ఎన్ని నోళ్ళలో నానిందంటే ఇప్పుడు దాన్ని తరచి చూసేవాళ్ళే లేరు. నాకు మాత్రం అందులో సగమే నిజం కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి 60 లీటర్ల ట్యాంకు చాలు. కొన్ని విషయాల్లో పెద్దదానికంటే అదే మేలు కూడా. కాకపోతే ఒక షరతు ఉంది: అందులో రెండే చేపలుండాలి. మూడోది ఎంత ముద్దొచ్చినా సరే, రెండే.

ముందు అవతలివాళ్ళ వాదన న్యాయంగా చెప్పుకుందాం. చేప విసర్జించేది, తినకుండా వదిలేసిన మేత, రాళ్ళ వెనక ఎక్కడో చచ్చిన నత్త, ఇవన్నీ కుళ్ళి చివరికి చేపలకి విషమైన అమ్మోనియా అవుతాయి. 300 లీటర్లలో ఒక నత్త చస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు. 60 లీటర్లలో మర్నాటికల్లా తెలుస్తుంది. నీళ్ళు ఎక్కువున్నకొద్దీ ఏ మార్పైనా నెమ్మదిగా వస్తుంది, సర్దుకోవడానికి మనకి వ్యవధి దొరుకుతుంది. ఇంతవరకు కాదనడానికేమీ లేదు.

అయితే 300 లీటర్ల ట్యాంకు కొన్నవాళ్ళెవరైనా అందులో రెండు చేపలు వేసి ఊరుకుంటారా? ఊరుకోరు. పది వేస్తారు, పన్నెండు వేస్తారు, "ఇంత చోటుంది కదా" అని ఇంకో పెద్దదాన్ని తెస్తారు. లీటరుకి పడే భారం చూస్తే మళ్ళీ చిన్న ట్యాంకు దగ్గరికే వచ్చి నిలబడతాం. పెద్ద ట్యాంకు ఇచ్చిన వెసులుబాటంతా చేపలే తినేస్తాయి. కాబట్టి పోల్చాల్సింది ట్యాంకుల్ని కాదు, చేపకి ఎన్ని లీటర్లు దక్కుతున్నాయన్నది. రాళ్ళు, ఇసుక ఆక్రమించింది పోగా 60 లీటర్ల ట్యాంకులో నికరంగా ఉండేది 50 లీటర్ల నీళ్ళు అనుకుందాం. రెండు చిన్న చేపలైతే తలకి 25 లీటర్లు. పన్నెండు చేపలున్న పెద్ద ట్యాంకు కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు, పైగా అందులో చేపలు సైజులోనూ పెద్దవి.

ఇప్పుడు నీళ్ళు మార్చే లెక్క చూడండి. నా వాదానికి వెన్నెముక ఇదే. వారానికోసారి ఐదో వంతు నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోస్తున్నారనుకోండి. ట్యాంకులో వారానికి లీటరుకి 5 మిల్లీగ్రాముల నైట్రేట్ (అమ్మోనియా చివరికి మారే పదార్థం) పోగవుతోందనుకోండి. ఎన్ని వారాలు గడిచినా అది 25 దాటదు. అక్కడికి వచ్చేసరికి వారమంతా చేరేదీ, నీళ్ళు మార్చినప్పుడు పోయేదీ సమానమైపోతాయి. మేత సగానికి తగ్గిస్తే ఆ గరిష్ఠం 12.5 దగ్గరే ఆగుతుంది. రెండు చేపలకీ, తేలిగ్గా బతికే రకం పగడాలకీ ఈ అంకెలతో ఏ ఇబ్బందీ లేదు. మరి ఐదో వంతు అంటే ఎన్ని నీళ్ళు? చిన్న ట్యాంకులో 10 లీటర్లు. ఒక్క బకెట్. పావుగంట పని. పెద్ద ట్యాంకులోనైతే, నికరంగా 250 లీటర్లున్నాయనుకుంటే, 50 లీటర్లు. ప్రతి వారం 50 లీటర్ల ఉప్పునీళ్ళు కలిపి, వెచ్చచేసి, మోసి, పాతవి పారబోసే ఓపిక మొదటి రెండు నెలలు ఉంటుంది. తర్వాత అది పదిహేను రోజులకోసారి అవుతుంది, ఆ తర్వాత నెలకోసారి. ఆ చేయని పనిని పూడ్చడానికి ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో మురికిని తీసేది), ఫాస్ఫేట్ రియాక్టర్ (ఫాస్ఫేటుని పట్టేసేది), డోసింగ్ పంపులు (లవణాలు కొలిచి పోసేవి) ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అవేవీ చెడ్డ వస్తువులని అనను. ఒక్క బకెట్‌తో అయిపోయే ఇంట్లో వాటి అవసరం లేదంటున్నాను, అంతే.

పరికరాలు లేకుండా సముద్రజీవుల్ని ఇంట్లో బతికించడం కొత్తేమీ కాదు కూడా. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కే నుంచి పగడాల్ని లండన్ తెచ్చుకుంది. అక్కడ సముద్రం లేదు, విద్యుత్తు లేదు, పంపు లేదు. నీళ్ళకి గాలి తగలాలని తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ చాలాసేపు పోయించేది. (పోసింది పనమ్మాయి. చరిత్రలో పేరు మాత్రం యజమానురాలికి దక్కింది.) 1961లో ఇండోనేషియాకి చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ప్రచురించాడు: సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, గాలిబుడగలు, ఎండ, అంతే. ఇవాళ మనం లైవ్ రాక్ అని పిలుచుకుంటున్న పద్ధతికి మూలం అదే. రాయి లోపలి సన్నటి రంధ్రాల్లో బ్యాక్టీరియా కాపురముంటుంది. పైపొరల్లో ఉండేది అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తుంది, ఆక్సిజన్ అందని లోలోపలి భాగాల్లో ఉండేది ఆ నైట్రేట్‌లో కొంత నత్రజని వాయువుగా మార్చి పైకి వదిలేస్తుంది. ఫిల్టరు డబ్బా చేసే పని అంతా ఆ రాళ్ళే చేస్తున్నాయి. అందుకే నా ట్యాంకులో ఉన్నవి నాలుగే: ఒక హీటరు, నీళ్ళు తిప్పే పంపు, లైటు, మీద వల మూత.

చిన్న ట్యాంకుకి నిజమైన గండం వేరే ఉంది, పెద్ద ట్యాంకు వాదులు దాన్ని సరిగ్గానే పట్టుకుంటారు: ఆవిరి. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన 50 లీటర్లలో రోజుకి ఒక లీటరు ఆవిరైతే సాయంత్రానికి 35 కాస్తా 35.7 అవుతుంది. దానికే ఏమీ కాదు. మూడు రోజులు పట్టించుకోకపోతే 37 దాటుతుంది. నాలుగో రోజు గుర్తొచ్చి ఒక్కసారిగా మూడు లీటర్లు కుమ్మరిస్తే చటుక్కున 35కి పడిపోతుంది. చేపలు ఎలాగో తట్టుకుంటాయి గాని రొయ్యలకీ నత్తలకీ ఆ ఊగిసలాట పనికిరాదు. పెద్ద ట్యాంకులోనూ ఆవిరి తక్కువేం కాదు, కానీ ఉన్న నీళ్ళతో పోలిస్తే వాటా తక్కువ.

దీనికి మందు రోజూ నీళ్ళు పోయడమే. గాజు మీద ఒక గీత గీసి పెట్టుకుని, నీళ్ళు దాని కిందికి దిగిన మేరకు పొద్దున్నే మంచినీళ్ళు పోయాలి. ఉప్పునీళ్ళు పోశారో, మొదటికే మోసం. పోసే మంచినీళ్ళు కూడా కుళాయివి కాకుండా ఆర్‌ఓ, డీఐ (మిగిలిన లవణాల్ని కూడా తీసేసే వడపోత) రెండూ దాటినవైతే మంచిది. కుళాయి నీళ్ళలో ఫాస్ఫేటు ఉంటే పాచికి విందు, రాగి ఉంటే రొయ్యలకి విషం, క్లోరమిన్ (క్రిములు చావడానికి కలిపే మందు) ఉంటే అందరికీ చేటు. ఈ పని నిమిషానికి మించి పట్టదు, కానీ మానకూడదు. రోజూ ఒక నిమిషం ఇవ్వలేని ఇంటికి నేను ఏ ట్యాంకూ సిఫారసు చెయ్యను, చిన్నదైనా పెద్దదైనా. ఊరెళ్ళే వాళ్ళు తేలియాడే స్విచ్‌తో దానంతటదే నీళ్ళు పోసే ఏర్పాటు పెట్టుకోవచ్చు. చిన్న ట్యాంకులో డబ్బు పెట్టదగ్గ కొద్దిపాటి అదనపు పరికరాల్లో ఇదొకటి. అయితే దానికి కట్టిన డబ్బాలో ఐదు లీటర్లకి మించి నింపొద్దు. స్విచ్ మొండికేసి మొత్తం పోసేసినా ట్యాంకు పొంగి నేలంతా తడవకుండా, ఉప్పు మరీ పలచబడకుండా ఉండాలి.

ఉప్పు కలపడం గురించి ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. వంటుప్పుతో ఈ పని జరగదు. సముద్రంలోని లవణాల్లో సోడియం, క్లోరైడు కలిపి 85 శాతం పైచిలుకు, మిగతా దాంట్లో మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం వగైరా ఉంటాయి. విశేషమేమిటంటే ఏ మహాసముద్రంలో ముంచి చూసినా ఈ పాళ్ళు దాదాపు ఒకటే. ఛాలెంజర్ అనే బ్రిటిష్ పరిశోధక నౌక 1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగి తెచ్చిన నీళ్ళలో 77 నమూనాల్ని విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి 1884లో ఈ సంగతి తేల్చాడు. ఎక్కడో తయారైన ఉప్పు పొట్లంతో ఎవరింట్లోనైనా సముద్రపు నీళ్ళు కలుపుకోగలుగుతున్నామంటే కారణం అదే. కలిపేటప్పుడు నీళ్ళలో ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం తెల్లగా గడ్డకట్టి మళ్ళీ కరగదు. తూకాన్ని గుడ్డిగా నమ్మొద్దు, తెరిచిన పొట్లం గాలిలో చెమ్మ పీల్చుకుని బరువెక్కుతుంది. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించే చిన్న రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కుని ప్రతిసారీ కొలవండి. దాన్ని మంచినీళ్ళతో సున్నాకి తిప్పి సరిపెట్టుకోకుండా, 35 అని చీటీ ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. సున్నా దగ్గర సరిగ్గా చూపించి 35 దగ్గర తప్పు చెప్పే రిఫ్రాక్టోమీటర్లు బోలెడు.

హీటరు విషయంలో మాత్రం చిన్న ట్యాంకువాళ్ళు పెద్ద ట్యాంకువాళ్ళకంటే జాగ్రత్తగా ఉండాలి. ఈ పరికరానికి ఒక దుర్గుణం ఉంది. పాడైనప్పుడు అది ఆగిపోతే మనకి కొన్ని గంటల టైముంటుంది. లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆరకుండా వెలుగుతూ ఉండిపోతే? 50 లీటర్ల ఉప్పునీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 205 కిలోజౌళ్ళు కావాలి. 200 వాట్ల హీటరు ఆ పని 17 నిమిషాల్లో చేస్తుంది. అంటే గంటలో మూడు డిగ్రీలకి పైనే. మనం నిద్ర లేచేసరికి 26 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నీళ్ళు ఎక్కడుంటాయో ఊహించుకోవచ్చు. అదే 50 వాట్లదైతే డిగ్రీకి గంట పైన పడుతుంది, ఈలోపు ట్యాంకు గోడల నుంచి కొంత వేడి బయటికి పోతూనే ఉంటుంది. "కాస్త పెద్దది తీసుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్న అమ్మకపు మాట ఇక్కడ నేరుగా ప్రాణం మీదికి తెస్తుంది. చిన్న హీటరు కొని, దాన్ని విడిగా ఉండే ఉష్ణోగ్రత కంట్రోలర్‌కి తగిలించండి. రెండూ ఒకేసారి పాడవడం అరుదు.

కరెంటు పోయినప్పుడు అందరి ఆదుర్దా వేడి గురించే. ముందు అయిపోయేది ఆక్సిజన్. ఉప్పునీళ్ళు మంచినీళ్ళకంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటే సముద్రపు నీళ్ళలో 7 కూడా ఉండదు. ఉపరితలం కదలడం ఆగిందంటే కొత్తగా కరిగేది చాలా తక్కువ. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోవాలి. అది కూడా లేకపోతే అన్నా థిన్ పద్ధతి ఎటూ ఉంది: చెంబుతో ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చోవడమే.

ఇక చేపలు రాకముందు గడవాల్సిన కాలం. దీన్ని "సైక్లింగ్" అంటారు. ట్యాంకులో రాళ్ళు, ఇసుక, ఉప్పునీళ్ళు ఉంటాయి, పంపు తిరుగుతుంటుంది, చూడటానికి ఒక్క జీవీ ఉండదు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసా బ్యాక్టీరియాతో కొంత తగ్గొచ్చు. మంచినీటి చేపలు పెంచి వచ్చినవాళ్ళు ఇక్కడ తొందరపడతారు, అక్కడ కొంచెం అమ్మోనియా ఉన్నా చేపలు నెట్టుకొచ్చాయి కాబట్టి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 నీళ్ళతో పోలిస్తే ఇక్కడ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పది రెట్లకి పైనే. అదే పరీక్ష, అదే రంగు, ప్రమాదం మాత్రం వేరు. నైట్రైట్ సంగతి దీనికి తలకిందులు: ఉప్పునీటిలోని క్లోరైడు అడ్డుపడటంవల్ల ఇక్కడ దాని విషం చాలా తక్కువ. గట్టి చేప ఒకటి వేసి దాన్ని బలిచ్చి సైకిల్ చేసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. వినకండి. సీసాలో దొరికే అమ్మోనియా కలిపి లీటరుకి 2 మిల్లీగ్రాములకి తెచ్చి, అది ఒక్క రోజులో సున్నా అవుతోందా లేదా చూడండి. అవుతుంటే ట్యాంకు సిద్ధం.

సరిగ్గా ఆ సమయానికే రాళ్ళ మీద గోధుమరంగు దుమ్ములాంటిది కమ్ముకుంటుంది. డయాటమ్స్ అనే సూక్ష్మజీవులు అవి. తర్వాత పచ్చటి జుట్టులాంటి పాచి వస్తుంది. ఒక్కోసారి ఎర్రటి జిగురు పొర వస్తుంది. అన్నీ వచ్చి పోయేవే. లైటు గంటలు తగ్గించి, నాలుగు నత్తల్ని వేసి, చేతికందినంత పాచి పీకేసి ఊరుకోవాలి. దేనికదే సీసా మందు కొని పోసేవాళ్ళు ఆ కాలాన్ని పొడిగించుకుంటారు.

చేపల్ని ఎంచుకునే దగ్గర నేను కాస్త మొండిగా ఉంటాను. 60 లీటర్లకి పనికొచ్చే జాబితా చాలా పొట్టిది. ఓసెల్లారిస్ రకం క్లౌన్ ఫిష్, చిన్న గోబీలు, చిన్న బ్లెన్నీలు, దాదాపు అంతే. నీలంరంగు టాంగ్ అంగుళం సైజులో ఎంత చక్కగా ఉన్నా పెరిగి 30 సెంటీమీటర్లు అవుతుంది. మాండరిన్ చేప చిన్నదే, అందులో అనుమానం లేదు. దాని ఆకలే చిన్నది కాదు. రోజంతా రాళ్ళ మీద కోపీపాడ్ల లాంటి సన్నటి పురుగుల్ని ఏరుకు తింటూనే ఉంటుంది. చిన్న ట్యాంకులో ఉన్న పురుగుల్ని కొద్ది వారాల్లో ఖాళీ చేసి, మన కళ్ళెదుటే మెల్లగా చిక్కిపోతుంది. సీ ఎనిమోన్ (సముద్రంలో ఈ చేప దాక్కునే, పువ్వులాంటి జీవి) లేకుండా క్లౌన్ ఫిష్ ఏమిటని చాలామందికి అనిపిస్తుంది. ఆ చేపకి ఇంట్లో ఎనిమోన్ అక్కర్లేదు, దాన్ని తరిమే శత్రువెవరూ ఇక్కడ లేరు. ఎనిమోన్‌కి మాత్రం గట్టి వెలుతురు, ముదిరిన ట్యాంకు కావాలి. అది నచ్చిన చోటు వెతుక్కుంటూ నడుస్తుంది, నడిచి నడిచి పంపులో చిక్కుకుంటుంది. చిన్న ట్యాంకులో ఎనిమోన్ ముక్కలైతే నీళ్ళన్నీ పాడై మిగతావి కూడా దాని వెంటే పోతాయి.

కొనే చేప సముద్రంలో పట్టిందా, పెంపకంలో పుట్టిందా అన్నది కూడా అడగండి. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో పగడపు దిబ్బల మీద సయనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పట్టడం మొదలై ఇతర చోట్లకీ పాకింది. అలా పట్టిన చేప దుకాణంలో బాగానే కనిపించి, ఇంటికొచ్చాక కొన్ని వారాలకి కారణం తెలియకుండా పోవచ్చు. దిబ్బకి జరిగిన నష్టం సరేసరి. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల చుట్టుపక్కల మాత్రమే పుట్టి పెరిగే బంగాయ్ కార్డినల్ చేప ఈ వ్యాపారం దెబ్బకే 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) వేసే, అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. తమాషా ఏమిటంటే అది పెంపకంలో సులువుగా పిల్లల్ని పెట్టే రకం. మగది గుడ్లని నోట్లో పెట్టుకుని, మేత మానేసి మరీ కాపాడుతుంది. క్లౌన్ ఫిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దశాబ్దాలుగా పెంపకంలో పుడుతున్నవే దొరుకుతున్నాయి. అవి గుళికల మేతకి అలవాటుపడి ఉంటాయి, గాజుకి బెదరవు. ఇలాంటి చేప అందుబాటులో ఉండగా సముద్రంలోంచి లాక్కొచ్చినదాన్ని కొనడానికి నాకు ఒక్క కారణమూ తోచదు.

జంట కావాలంటే సైజులో తేడా ఉన్న రెండు పిల్ల క్లౌన్లని తెచ్చుకుంటే చాలు. అన్నీ మగవిగానే మొదలవుతాయి. రెంటిలో పెత్తనం చేసేది పెరిగి ఆడదవుతుంది, రెండోది మగదిగానే మిగిలిపోయి, పెద్దది దగ్గరికొచ్చినప్పుడల్లా పక్కకి ఒరిగి వణుకుతుంది. లొంగుబాటు చూపించే పద్ధతి అది.

నా ట్యాంకులో ఉన్నవి ఒక క్లౌన్, ఒక గోబీ. గోబీతో పాటు ఒక పిస్టల్ రొయ్య. రొయ్యని నేను చేపల లెక్కలో వెయ్యను, ఇది నా వెసులుబాటు అనుకోండి. ఈ గోబీ, రొయ్య కలిసి ఒకే బొరియలో ఉంటాయి. రొయ్యకి చూపు బాగా తక్కువ. రోజంతా బుల్‌డోజర్‌లాగా ఇసుక తోసుకుంటూ గుమ్మం దాకా వస్తుంది. బయటికి వచ్చిందంటే చాలు, పొడవాటి మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ గుమ్మంలో కాపలా కాస్తుంటుంది. క్లౌన్ మరీ దగ్గరికొస్తే తోక చిన్నగా ఆడిస్తుంది. అంతే, రొయ్య వెనక్కి జారిపోతుంది. నిజంగా ప్రమాదమనిపిస్తే గోబీ కూడా తల ముందు పెట్టి బొరియలోకి దూకుతుంది. కాసేపటికి ముందు గోబీ ముక్కు కనిపిస్తుంది, తర్వాత దాని పక్క నుంచి మీసం. అప్పుడప్పుడు రొయ్య తన పెద్ద కొండి చటుక్కున మూస్తే నీళ్ళలో ఒక బుడగ పుట్టి పేలిపోతుంది. ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు ట్యాంకు అద్దం చిట్లిందనే అనుకుంటారు.

ఇదంతా ఒక జానెడు ఇసుక మీద జరుగుతుంది. పెద్ద ట్యాంకుల్లో గోబీలు ఉండవని కాదు. పది చేపలు హడావుడిగా తిరుగుతుంటే ఆ జానెడు చోటుకేసి ఎవరూ చూడరు, పైగా అంత రద్దీలో గోబీ కూడా గుమ్మం దాటి రాదు. రెండు చేపల షరతు నీటి కోసమే పెట్టానని మొదట్లో అన్నాను గాని, నా మటుకు ఈ కారణం కూడా తక్కువేం కాదు.

మూడో చేప గురించి అసలు భయం మాత్రం జబ్బు. క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి తెచ్చే తెల్లచుక్కల జబ్బు ఉప్పునీటి చేపల్లో సర్వసాధారణం. చుక్కలు కొన్ని రోజులుండి రాలిపోతాయి. "తగ్గిపోయింది" అని మనం ఊపిరి పీల్చుకుంటాం. రాలినవి ఇసుకలో, రాళ్ళ మీద గూళ్ళు కట్టుకుని, లోపల వందలుగా చీలి, మళ్ళీ చేపని వెతుక్కుంటూ బయల్దేరతాయి. రాగి మందు పనిచేస్తుంది గాని రొయ్యలూ పగడాలూ ఉన్న ట్యాంకులో అది పోయడానికి వీల్లేదు. చేపల్ని వేరే తొట్టికి మార్చి వైద్యం చేస్తూ, అసలు ట్యాంకుని రెండు నెలలకి పైగా చేపల్లేకుండా ఖాళీగా ఉంచాలి. ఇంత తతంగం తప్పాలంటే ప్రతి కొత్త చేపనీ ముందు కొన్ని వారాలు విడిగా ఉంచి చూడాలి. రెండు చేపలైతే ఇది మొదట్లో ఒకసారి చేసి మర్చిపోయే పని. చేపలు చేరుస్తూ పోయేవాళ్ళకి ప్రతి చేపతోనూ అదే పరీక్ష. అందుకే దుకాణంలో "ఇంకోటి పడుతుందిలెండి" అన్నప్పుడు పడుతుందా లేదా అన్న చర్చలోకి నేను దిగను.

పగడాల గురించి క్లుప్తంగా. మష్రూమ్, లెదర్, జోయాంథిడ్ రకాలు ఈ ట్యాంకులో హాయిగా పెరుగుతాయి. వారంవారం మార్చే నీళ్ళలోనే వాటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందుతాయి, వేరే సీసాలేవీ వద్దు. రాతి పగడాలు కావాలన్న కోరిక పుట్టిన రోజు నుంచి కాల్షియం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) రోజూ కొలవాల్సి వస్తుంది, అది వేరే సంసారం.

చివరగా, ఎవరూ మొదట్లో మాట్లాడుకోని విషయం: ఆపెయ్యడం. ఓసెల్లారిస్ క్లౌన్ మంచి పెంపకంలో 20 ఏళ్ళు పైబడి బతకగలదు. మన ఉద్యోగాలు, ఇళ్ళు, ఆసక్తులు అంతకాలం అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. రెండు చేపలకి ఇంకో ఇల్లు వెతకడం ఫోన్ కాల్‌తో అయిపోతుంది, పన్నెండింటికి చాలా కష్టం. అలా వెతకలేని వాళ్ళు చేసే పని కొన్నిచోట్ల సముద్రానికే చేటయింది. ఇండో-పసిఫిక్‌కి చెందిన లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా దగ్గర కనిపించింది. ఎవరో పెంచి వదిలేసినవే దానికి మూలమని భావిస్తున్నారు. ఇప్పుడది కరేబియన్ అంతటా అక్కడి చిన్న చేపల్ని తినేస్తోంది. అక్వేరియంలలో పెంచే కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకో తీరాన చిన్న మడిగా కనిపించి మధ్యధరాలో వేల హెక్టార్లకి పాకింది. కాబట్టి ట్యాంకు ఎత్తేసేటప్పుడు చేప గాని, నాచు గాని, రాయి గాని చెరువులో, కాలువలో, సముద్రంలో వదలొద్దు. పాత నీళ్ళు ఇంటి డ్రైనేజీలోనే పోయాలి.

రాళ్ళ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. శుభ్రమవుతాయని వాటిని మరిగించేవాళ్ళున్నారు. జోయాంథిడ్, పాలిథోవా రకాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది, తెలిసిన విషాల్లో అతి తీవ్రమైన వాటిలో అదొకటి. ఉడికించినా అది చావదు, ఆవిరితో తుంపర్లతో గాలిలోకి లేస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. వేడినీళ్ళూ వద్దు, బ్రష్షుతో పొడిగా గీకడమూ వద్దు. పగడాలతో ఉన్న రాయిని నీళ్ళ బకెట్లో అలాగే మునిగేలా పెట్టి ఈ సరదా ఉన్న ఇంకొకరికి ఇచ్చెయ్యండి. తీసుకునేటప్పుడు చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు, కిటికీలు తెరిచి ఉంచండి. ఆ బకెట్ మీద "మరిగించొద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.